పాత ల్యాప్‌టాప్‌ను పనికొచ్చేలా చేసి ఇద్దాం

(సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాల గురించి ఈ వేదిక మీద ఏటా మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈసారి మాకు ఇచ్చిన కొద్ది సమయంలో ఒక చిన్న వస్తువు గురించి చెప్పదలచుకున్నాం. అది అరచేతిలో ఇమిడిపోతుంది. బరువు కూడా పెద్దగా ఉండదు. పేరు సాలిడ్ స్టేట్ డ్రైవ్. కంప్యూటర్ అంగళ్ళలో ఎస్‌ఎస్‌డీ అంటారు. ఇంత చిన్న వస్తువు గురించి ఇంత పెద్ద సభలో మాట్లాడాలా అని మీకు అనిపించవచ్చు. మన ఇళ్ళలో బీరువాల మీద, మంచాల కింద మూలుగుతున్న పాత ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి, వాటి అవసరం ఉన్న పిల్లలకు మధ్య అడ్డం నిలబడింది ఇదొక్కటే. అందుకే చెబుతున్నాం.

ముందు అవసరం సంగతి. మన పిల్లలు ఇప్పుడు పెన్ను పట్టి రాసే పరీక్షలతో పాటు కంప్యూటర్ ముందు కూర్చుని రాసే పరీక్షలు కూడా రాయాలి. మన రాష్ట్రంలో ఇంజనీరింగ్, అగ్రికల్చర్ ప్రవేశ పరీక్ష 2017 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది. జేఈఈ మెయిన్ 2019 నుంచి కంప్యూటర్ మీదకు మారింది. 2025లో 16,347 టీచరు పోస్టులకు జరిగిన మెగా డీఎస్సీ కూడా అలాగే జరిగింది. ప్రశ్నకు జవాబు తెలిసి కూడా మౌస్ కదపడం అలవాటు లేక, తెర మీద గడియారం తిరుగుతుంటే చేతులు వణికే పిల్లలు ఉన్నారు. వాళ్ళకు తెలివి తక్కువ కాదు, అలవాటు లేదు అంతే.

ఫోన్ ఉంది కదా అంటారు. ఉంది. కానీ చాలా ఇళ్ళలో ఆ ఒక్క ఫోన్ నాన్నతో పాటు పనికి పోతుంది. రాత్రి తిరిగొచ్చాక అన్నదమ్ములు తీసుకుంటారు. ఆడపిల్ల చేతికి వచ్చేసరికి పదవుతుంది. 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చారు. పాఠం చూడడానికి అవి పనికొస్తాయి. కానీ డిగ్రీలో ప్రాజెక్టు రిపోర్టు టైపు చెయ్యాలన్నా, బీటెక్‌లో ప్రోగ్రాం రాయాలన్నా, స్కాలర్‌షిప్ దరఖాస్తుకు కాగితాలు జతచెయ్యాలన్నా కీబోర్డు, పెద్ద తెర కావాల్సిందే. నెట్ సెంటరుకు పోవచ్చు. మగపిల్లాడైతే రాత్రి ఎనిమిదింటికి కూడా పోయి వస్తాడు. ఆడపిల్లను పంపడానికి తల్లి వెనకాడుతుంది. ఆ వెనకాడడంలోనే గడువు తేదీ దాటిపోతుంది.

ల్యాప్‌టాప్ మీద చదువు మన జిల్లాకు కొత్త కాదు. 2008లో మొదలైన రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయం, మనమంతా ట్రిపుల్ ఐటీ అనే ఇడుపులపాయ కాలేజీ, వేంపల్లె పక్కనే ఉంది. పదో తరగతి పాసైన పల్లెటూరి పిల్లలను తీసుకుని, చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి చదివించడం అక్కడ మొదలైంది. వేరుశనగ పండించే రైతు బిడ్డ, బండల పాలిష్ ఫ్యాక్టరీ కూలీ బిడ్డ కూడా యంత్రం చేతికొస్తే ఎంత దూరం పోగలరో ఆ ప్రయోగం మన కళ్ళ ముందే చూపించింది. పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. సీటు తెచ్చుకునే పిల్లలు మనకు ఉన్నారు. సీటు వచ్చిన రోజు మిఠాయి పంచుతాం. ల్యాప్‌టాప్ మాట వచ్చేసరికి ఇంట్లో అందరూ మౌనంగా ఉండిపోతారు.

అలాంటి ఇంటికి కొత్త ల్యాప్‌టాప్ ఇద్దామంటే ముప్పై నలభై వేలు కావాలి. సంస్థ నిధిలో ఏటా ఎంతమందికని ఇవ్వగలం? మరోపక్క మన వాళ్ళు బెంగుళూరులో, హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగాలు చేస్తున్నారు. కువైట్ నుంచి సెలవుకు వచ్చేవాళ్ళు ల్యాప్‌టాప్ తెస్తారు. మూడు నాలుగేళ్ళకు కొత్తది కొంటారు. పాతది ఏమైందని అడిగితే “స్లో అయిపోయింది సార్, పక్కన పడేశాం” అంటారు. మేము చూసిన పాత యంత్రాల్లో ఎక్కువ వాటికి ఉన్న జబ్బు ఆ ఒక్క మాటే. పాడు కాలేదు, నెమ్మదించింది.

ఎందుకు నెమ్మదిస్తుంది? ప్రొద్దుటూరు వాళ్ళకు బట్టల అంగడి గురించి చెప్పనక్కర్లేదు కాబట్టి ఆ పోలికతోనే చెబుతాం. అంగట్లో బేరం చేసే సేల్స్‌మన్ ఉంటాడు. కంప్యూటర్‌లో అతడే ప్రాసెసర్. ఆయన ముందు బట్ట పరిచే బల్ల ఉంటుంది. అది ర్యామ్. సరుకంతా ఉండే గోదాము వెనక ఉంటుంది. అది హార్డ్ డిస్క్. సేల్స్‌మన్ ఎంత చురుకైనవాడైనా, ప్రతి చీరకూ కుర్రాడు నిచ్చెనెక్కి, అటక మీద వెతికి తేవాలంటే గిరాకీ కూర్చుని ఆవులించాల్సిందే. పాత ల్యాప్‌టాప్‌లో జరిగేది అదే. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని గోదాము కుర్రాడి కోసం ఎదురుచూస్తుంటుంది.

హార్డ్ డిస్క్ లోపల గుండ్రటి పళ్ళెం ఉంటుంది. మామూలు ల్యాప్‌టాప్‌లలో అది నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 90 సార్లు. దానిపైన సన్నని చెయ్యి ఒకటి అటూ ఇటూ కదులుతూ కావలసిన చోట ఆగి చదువుతుంది. సెకనుకు 90 చుట్లంటే మనకు వేగంగా అనిపిస్తుంది. కానీ ల్యాప్‌టాప్ ఆన్ చేసినప్పుడు వేల కొద్దీ చిన్న ఫైళ్ళు చదవాలి, అవి తలా ఒక మూల ఉంటాయి. చెయ్యి కదిలి, పళ్ళెం తిరిగి, ఆ చోటు వచ్చేదాకా ఆగాలి. ఇలా సెకనుకు వంద చోట్లు చూడడం కూడా దానికి కష్టమే. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏదీ లేదు. ఫోన్‌లో, పెన్ డ్రైవ్‌లో ఉండే జాతి చిప్పులే అందులోనూ ఉంటాయి. అది సెకనుకు వేల చోట్లు చదవగలదు. సరుకంతా సేల్స్‌మన్ చేతికందే అరల్లో సర్దినట్టు.

చరిత్ర కూడా రెండు ముక్కలు, పిల్లలు కూర్చున్నారు కాబట్టి. మొదటి హార్డ్ డిస్క్‌ను 1956లో అమెరికాలో ఐబీఎం కంపెనీ తెచ్చింది. అది బీరువాలకన్నా పెద్దది. అందులో యాభై పళ్ళేలు ఉండేవి, పట్టేది మాత్రం యాభై లక్షల అక్షరాలు. ఇప్పుడు ఒక ఫోన్ ఫోటోకు కూడా అది చాలకపోవచ్చు. తిరిగే పళ్ళెం అవసరం లేని ఫ్లాష్ మెమరీని 1980లలో జపాన్‌లో తోషిబా కంపెనీ ఇంజనీరు ఫుజియో మసుయోకా కనిపెట్టారు. ఆయన కనిపెట్టిన దాని మీద ఆధారపడే నేడు మన జేబుల్లో ఫోన్లు నడుస్తున్నాయి.

ఇక పని సంగతి. పాత డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టడం, చాలా మోడళ్ళలో, అరగంట పని. ల్యాప్‌టాప్ ఆపి, చార్జర్ తీసి, బ్యాటరీ విడదీసి, అడుగున మరలు విప్పి, డిస్క్ లాగి, కొత్తది అదే చోట దూర్చడమే. అప్పటిదాకా ఆన్ కావడానికి మూడు నాలుగు నిమిషాలు తీసుకున్న యంత్రం అర నిమిషంలోపే లేచి కూర్చుంటుంది. ర్యామ్ 4 జీబీ మాత్రమే ఉంటే 8 చేయిస్తే ఇంకా మేలు. బల్ల పెద్దదైతే బట్టలు పరచడానికి చోటు దొరికినట్టు.

ఖర్చు? 240 లేదా 256 జీబీ ఉన్న ఎస్‌ఎస్‌డీ ఒక విద్యార్థికి చాలు. ధర కొన్ని వేలలోనే ఉంటుంది. మెమరీ చిప్పుల ధరలు ఈ మధ్య పెరిగాయి, నెలనెలా మారుతున్నాయి కాబట్టి ఇక్కడ అంకె చెప్పి మిమ్మల్ని కట్టిపడేయం. కొనేరోజు రెండు మూడు చోట్ల అడిగి కొనాలి. ర్యామ్, కూలీ కలుపుకున్నా, ఒక కొత్త ల్యాప్‌టాప్ డబ్బుతో ఐదారు పాతవి బాగుచెయ్యవచ్చు. ఒక్క హెచ్చరిక. మరీ చవకగా, పేరు లేని కంపెనీ సరుకు కొనవద్దు. పైన రాసినంత చోటు లోపల లేని నకిలీ డ్రైవ్‌లు బజారులో తిరుగుతున్నాయి. బిల్లు, వారంటీ ఉన్నదే కొనాలి.

ఇప్పుడు దాతలు శ్రద్ధగా వినాల్సిన మాట. పాత ల్యాప్‌టాప్ ఇవ్వడానికి చాలామంది వెనకాడేది డబ్బు గురించి కాదు. అందులో ఇంటి ఫోటోలు ఉంటాయి. పెళ్ళి వీడియోలు, ఆడపిల్లల ఫోటోలు, బ్యాంకు కాగితాలు, ఆధార్, పాస్‌పోర్టు కాపీలు ఉంటాయి. పరాయి చేతికి పోతే ఎలా అని భయం. ఆ భయం సమంజసమైనదే. డిలీట్ కొడితే పోతుందనుకోవద్దు. హార్డ్ డిస్క్‌లో డిలీట్ అంటే పుస్తకంలో విషయసూచిక చింపినట్టు. పేజీలు లోపల అలాగే ఉంటాయి, తెలిసినవాడు తిరిగి తీయగలడు.

ఎస్‌ఎస్‌డీ మార్పిడితో ఈ చిక్కు కూడా తీరిపోతుంది. పాత డిస్క్ ఎలాగూ బయటికి వస్తుంది. దాన్ని దాత చేతిలోనే తిరిగి పెట్టేద్దాం. మీ ఫోటోలు మీ దగ్గరే ఉంటాయి, ఖాళీ యంత్రం మాత్రమే పిల్ల దగ్గరికి పోతుంది. కొద్ది వందల రూపాయల యూఎస్‌బీ కేసింగ్‌లో ఆ డిస్క్ పెడితే మీ ఇంటికి అదొక బయటి డిస్క్‌గా పనికొస్తుంది, మీ ఫోటోలకు రెండో కాపీ ఉంచుకోవచ్చు. అందుకే మా ప్రతిపాదన ఏమిటంటే, దాత ఎదుటే, లేదా దాత పంపిన మనిషి ఎదుటే డిస్క్ తీయాలి. కుదరకపోతే దాన్ని కవరులో పెట్టి, అంటించి, పేరు రాసి, రిజిస్టరులో సంతకంతో తిరిగి ఇవ్వాలి. మనకు అప్పగించిన ప్రతిదీ అమానతే. అందులో యంత్రం ఎంతో, దాని లోపలి సంగతులు అంతకన్నా ఎక్కువ. కొన్ని కొత్త యంత్రాల్లో డ్రైవ్ బోర్డుకే అతికి ఉంటుంది, తీయడం కుదరదు. వాటిని దాత అకౌంట్లన్నీ తీసేసి, పూర్తిగా తుడిచాకే తీసుకోవాలి. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తీసుకోనే కూడదు. మనది కానిదాన్ని మనం దానం చెయ్యలేం.

మరో మాట కొంచెం కటువుగా ఉంటుంది, పెద్దలు మన్నించాలి. దానం పేరుతో ఇల్లు శుభ్రం చేసుకోవడం మంచిది కాదు. తెర పగిలిన, కీలు ఊడిన, బ్యాటరీ ఉబ్బిన యంత్రం ఇచ్చి “ఏదో పేదపిల్లలకు పనికొస్తుందిలే” అంటే, ఆ పిల్ల దాన్ని ఇంటికి తీసుకుపోయి, నాలుగు రోజులు కుస్తీ పట్టి, తనకే రాదనుకుని మూల పెడుతుంది. ఆ చిన్నతనం ఎవరిది? మనదే. మన పిల్లల ముందు పెట్టలేనిది ఇంకొకరి పిల్లల ముందు పెట్టకూడదు. అందుకే ఇచ్చేది పాతదైనా పనికొచ్చేలా చేసి ఇవ్వాలి. మా దృష్టిలో ఎస్‌ఎస్‌డీ ఖర్చు యంత్రానికి పెట్టే ఖర్చు కాదు, తీసుకునే బిడ్డ మర్యాదకు పెట్టే ఖర్చు.

ఏది తీసుకోవాలి, ఏది వద్దు అన్నది కూడా చెప్పుకుందాం. బ్యాటరీ ఉబ్బితే ముట్టుకోవద్దు, చార్జింగ్ పెట్టవద్దు, నిప్పంటుకునే ప్రమాదం ఉంది. దాన్ని చెత్తకుండీలో కూడా వెయ్యకుండా, ఈ-వేస్ట్ తీసుకునే అధీకృత కేంద్రానికే పంపాలి. మెమరీ బోర్డుకే అతికి ఉన్న చిన్న చవక ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు ఉండదు. కొనక ముందే మోడల్ నంబరు చూసి, దానికి రెండున్నర అంగుళాల డ్రైవ్ పడుతుందా, ఎం.2 అనే చిన్న పట్టీ లాంటిది పడుతుందా తెలుసుకోవాలి. తేదీ తప్పు చూపిస్తూ వెబ్‌సైట్లు తెరవకపోతే గాబరా పడక్కర్లేదు. లోపల గడియారానికి ఉండే చిన్న బిళ్ళ సెల్ అయిపోయి ఉంటుంది, అది మారిస్తే చాలు.

సాఫ్ట్‌వేర్ గురించి ఒక సంగతి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 రావాలంటే ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదో తరం, ఆపైన ప్రాసెసర్ కావాలి. అంతకన్నా పాత యంత్రాలను ఏం చేద్దాం? వాటికి లినక్స్ ఉంది. ఉబుంటు, లినక్స్ మింట్ ఉచితంగా దొరుకుతాయి, ఎవరి అనుమతీ అక్కర్లేదు. లిబ్రే ఆఫీస్‌తో తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో టైపు చేసుకోవచ్చు. బ్రౌజర్‌లో స్వయం కోర్సులు వినవచ్చు, దరఖాస్తులు నింపవచ్చు. తెలుగునాట స్వేచ్ఛ సంస్థ ఎన్నో ఏళ్ళుగా ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి విద్యార్థుల్లో పనిచేస్తోంది. అంగట్లో “దొంగ విండోస్ వేసిస్తాం” అంటారు. వద్దు. దానంలో దొంగసొమ్ము కలపకూడదు కదా. కాలేజీ వాళ్ళు ఫలానా ప్రోగ్రాం విండోస్‌లోనే నడుస్తుందని చెప్పిన పిల్లలకు మాత్రం కొత్త రకం యంత్రాలు కేటాయించాలి.

ఎస్‌ఎస్‌డీలో లోపాలు లేవని చెప్పడం లేదు. హార్డ్ డిస్క్ పాడయ్యే ముందు చాలాసార్లు గరగరమని చప్పుడు చేసి చెబుతుంది. ఎస్‌ఎస్‌డీ ఒక్కోసారి చెప్పకుండానే ఆగిపోతుంది. నెలల తరబడి, ఏళ్ళ తరబడి కరెంటు లేకుండా పెడితే అందులోని సమాచారం చెరిగిపోయే అవకాశం కూడా ఉంది. కాబట్టి ప్రాజెక్టు రిపోర్టు లాంటి ముఖ్యమైనవి పెన్ డ్రైవ్‌లోనో, మెయిల్‌లోనో ఇంకో కాపీ ఉంచుకోమని పిల్లలకు మొదటి రోజే నేర్పాలి.

ఈ పనంతా ఎవరు చేస్తారు? అంగడికి ఇవ్వవచ్చు. మా కోరిక వేరు. మన మూడు ఊళ్ళలో ఇంజనీరింగ్, పాలిటెక్నిక్, డిగ్రీ చదివే పిల్లలు ఉన్నారు. సెలవుల్లో రెండు రోజులు కూర్చోబెడితే చక్కగా నేర్చుకుంటారు. ల్యాప్‌టాప్ తీసుకోబోయే పిల్లలు కూడా అదే బల్ల దగ్గర కూర్చోవాలి. మరలు వాళ్ళే విప్పాలి, డ్రైవ్ వాళ్ళే దూర్చాలి, సాఫ్ట్‌వేర్ వాళ్ళే ఎక్కించాలి. పక్కన తెలిసినవాడు ఉంటే చాలు. వేదిక మీద చెయ్యి చాచి, ఫోటో దిగి తీసుకున్న వస్తువుకు, తన చేతులతో బాగుచేసుకున్న వస్తువుకు తేడా ఎంతో ఉంది. రేపు అది చెడిపోతే ఎవరినీ బతిమాలక్కర్లేదు. పక్కింటి వాళ్ళది చెడిపోతే ఈ పిల్లే బాగుచేస్తుంది. ముప్పై ఏళ్ళుగా పిల్లల మధ్య గడిపిన అనుభవంతో చెబుతున్నాం, చేతికి పని తెలిసిన పిల్ల తల ఎత్తి నడుస్తుంది.

దాతలకు మా విన్నపాలు నాలుగే. ఒకటి, ఇంటికి పోయాక బీరువా మీద చూడండి. ఆన్ అయ్యే ల్యాప్‌టాప్ ఉంటే చార్జర్‌తో సహా తెచ్చివ్వండి. బెంగుళూరులో, గల్ఫ్‌లో ఉన్న మీ పిల్లలకు ఈ రాత్రే ఒక ఫోన్ చెయ్యండి. రెండు, ల్యాప్‌టాప్ లేనివారు ఒక ఎస్‌ఎస్‌డీ ఖర్చు భరించండి. ఒకరి యంత్రం, ఇంకొకరి డ్రైవ్ కలిస్తే ఒక బిడ్డ చదువు. మూడు, ఆదాయపు పన్ను రాయితీ కోరేవారు డబ్బు రూపంలోనే ఇవ్వాలి, వస్తువు రూపంలో ఇచ్చినదానికి ఆ రాయితీ వర్తించదు. జకాత్ సొమ్ము ఇందుకు వాడదలచిన వారు ముందుగా ఉలమాలను అడిగి నిర్ణయించుకోండి. నాలుగు, ఏ ఊరికి ఎన్ని వచ్చాయి, ఎవరికి పోయాయి, ఎన్ని పనిచేస్తున్నాయి అన్న లెక్క వచ్చే ఏడు ఇదే సంచికలో అచ్చు వెయ్యమని కార్యవర్గాన్ని మీరే అడగండి. పిల్లల పేర్లు, ఫోటోలు మాత్రం వెయ్యవద్దు.

జూన్‌లో కాలేజీలు తెరుస్తారు. ప్రవేశ పరీక్షలు అంతకన్నా ముందే వస్తాయి. ఈ లోపల ఒక్కో ఊరిలో ఒక గది, ఒక బల్ల, నాలుగు స్క్రూడ్రైవర్లు ఏర్పాటు చేస్తే పని మొదలవుతుంది. సాయంత్రాలు వచ్చి కూర్చోవడానికి మేము, మాతో పాటు మరికొందరు ఉపాధ్యాయులు సిద్ధంగా ఉన్నాం.